ఈశాన్యం గదిలో పిరమిడ్

ప్రణీతకి పదకొండేళ్ళు నిండాయి గాని, ఒంటరిగా పడుకునే యోగం మాత్రం ఇంకా పట్టలేదు. సముద్రాలు దాటి వచ్చి పాపటోయిటోయిలో వాళ్ళు తీసుకున్న అద్దె ఇంటికి రెండే పడగ్గదులు. ఒకటి అమ్మానాన్నలది. రెండోది ప్రణీతదీ, నాలుగేళ్ళ చెల్లెలు ఉషశ్రీదీ. ఉషశ్రీ చూడ్డానికి చిలకలా ఉంటుంది. నిద్రలో మాత్రం గాడిదలా తంతుంది.

అలాంటి పిల్లకి, టకానినిలో సొంత ఇల్లు కట్టించుకుంటున్నామనీ, తూర్పుకీ ఉత్తరానికీ కిటికీలున్న మూల గది నీదేననీ నాన్న రవిచంద్ర మాట ఇచ్చాడు. ఇల్లింకా చెక్కల చట్రంగానే ఉంది. గోడల్లేవు, కప్పు లేదు. అయినా సరే, శనివారం శనివారం చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ప్రణీత తన గది దగ్గర ఆగి, లేని తలుపు తీసి లోపలికి వెళ్ళి, వెనకాలే వచ్చే చెల్లెలి మొహం మీద ఆ లేని తలుపే ధడాలున వేసేది. ఉషశ్రీ నిజంగానే ఏడ్చేది.

ఇంత సుఖంగా ఉంటే దేవుడికి తోచదు కాబోలు, జనార్ధనరావు అంకుల్‌ని పంపాడు.

జనార్ధనరావు అంకుల్ ఉండేది మనురేవాలో. పగలంతా కంప్యూటర్లను బాగుచేసే ఉద్యోగం. మిగతా సమయమంతా మనుషుల్ని బాగుచేసే ఉద్యోగం. రెండోదానికి జీతం లేదు, కాబట్టి సెలవు కూడా లేదు. కిందటేడు ఆయన రాజమండ్రి వెళ్ళినప్పుడు ఎవరో ఆయన్ని ఒక పిరమిడ్ కింద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. మోకాలి నొప్పి పోయింది. ఆ వారమంతా మోకాలికి మాత్రలు కూడా మింగాడనుకోండి. కాని మాత్రలకి కోణాలుండవు కదా, పేరెలా వస్తుంది? అంకుల్ ఒక రాగి పిరమిడ్ కొనుక్కుని తిరిగొచ్చాడు. వచ్చాక ప్లైవుడ్ తెచ్చి, మనిషి పట్టేంత పెద్ద పిరమిడ్ కూడా చేసి గరాజ్‌లో నిలబెట్టాడు. దానికి తగిన ఇంటి కోసం వెతుకుతున్నాడు.

ఆ శనివారం ఆయన టకానిని వచ్చి, జేబులోంచి దిక్సూచి తీసి, చెక్కల మధ్య నాలుగడుగులు వేసి, ప్రణీత గదిలో ఆగిపోయాడు.

"రవీ! ఇది ఈశాన్యం కదయ్యా!"

"అవునన్నయ్యా. పెద్దమ్మాయికి ఇద్దామని..."

"పెద్దమ్మాయికా? ఈశ్వరుడి స్థానంలో పిల్లని పడుకోబెడతావా? చదువుకున్నవాడివేనా? ఇక్కడ పిరమిడ్ పెట్టాలి. నా గరాజ్‌లో సిద్ధంగా ఉంది. ఉచితంగా ఇస్తాను. పొద్దున్నే లేచి నువ్వూ, మా మరదలూ చెరో అరగంట కూర్చోండి, ఈ ఇంట్లో జలుబు కూడా రాదు."

"మరి నేనెక్కడ పడుకోవాలి అంకుల్?" అంది ప్రణీత.

"చెల్లెలితో! అక్కచెల్లెళ్ళు ఒక గదిలో ఉంటేనే తల్లీ, అనుబంధం."

అంకుల్‌కి అక్కచెల్లెళ్ళు లేరు.

ప్రణీత నాన్న వైపు చూసింది. నాన్న తల ఊపుతున్నాడు. అదే విచిత్రం. రవిచంద్ర ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరేం రాసినా నమ్మకుండా తప్పులు పట్టినందుకే ఆయనకి జీతమిస్తారు. ఆఫీసులో నమ్మకం మీద ఒక్క బటన్ కూడా నొక్కడు. జనార్ధనరావు అంకుల్ ముందు మాత్రం ఆయన మెడకి స్ప్రింగు పెట్టినట్టుంటుంది.

ఇంటికొచ్చాక అమ్మ నిరుపమ అడిగింది. "ఇల్లు మనదా, ఆయనదా?"

"అలా అనకు నిరూ. మనం దిగినప్పుడు దిక్కూ మొక్కూ లేకపోతే ఆదుకున్న మనిషి."

"ఆదుకున్నాడు, కాదనను. అందుకని పిల్ల గది రాసిస్తామా?"

రవిచంద్ర కారు కడగాలని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళాడు. పొద్దున్నే కడిగాడు.

ఆ రోజుల్లోనే బళ్ళో మిసెస్ లెయోటా ఈజిప్టు పాఠం మొదలుపెట్టింది. మామూలుగా అయితే ప్రణీత పాఠాన్ని పాఠంలాగే వినేది. ఇప్పుడు శత్రువు గురించి వింటున్నట్టు వింది. లైబ్రరీ నుంచి పిరమిడ్ల పుస్తకాలు ఒళ్ళో పట్టినన్ని తెచ్చుకుంది. చదివేకొద్దీ పిరమిడ్ మీద కోపం తగ్గి, ముచ్చట పుట్టడం మొదలైంది.

వాటిని కట్టింది కొరడా దెబ్బలు తినే బానిసలని ఇంతకాలం అందరూ అనుకున్నారట. తవ్వి చూస్తే, పక్కనే పనివాళ్ళ ఊరు బయటపడింది. రొట్టెలు కాల్చిన పొయ్యిలు, పశువుల ఎముకలు దొరికాయి. విరిగి, మళ్ళీ సరిగ్గా అతుక్కున్న చేతి ఎముకలు కూడా దొరికాయి. అంటే కట్టు కట్టినవాడొకడు ఉన్నాడన్నమాట. పనివాళ్ళు జట్లు జట్లుగా ఉండి, తమ జట్టు పేరు రాళ్ళ మీద గీసుకునేవాళ్ళు. ఒక జట్టు పేరు 'ఖుఫు నేస్తాలు'. ఖుఫు ఒక రాజు. ఇంకో జట్టు పేరు 'మెన్‌కౌరే తాగుబోతులు'. మెన్‌కౌరే కూడా రాజే. రాజుగారి సమాధికి రాళ్ళు లాగుతూ రాజుగారి పేరు పక్కనే తాగుబోతులమని రాసుకున్న వాళ్ళని చూస్తే, ప్రణీతకి తన క్లాసులో వెనక బెంచీ గుర్తొచ్చింది.

తరవాతి శనివారం అంకుల్ పెసరట్టు తినడానికి వచ్చాడు. ఇంటి సంగతి మాట్లాడ్డానికని చెప్పాడు గాని, మొదట పెసరట్టే తిన్నాడు. ప్రణీత ఎదురుగా కూర్చుంది.

"అంకుల్, పిరమిడ్ లోపల ఏదీ చెడిపోదంటారు కదా?"

"పాలు విరగవు, పళ్ళు కుళ్ళవు, బ్లేడు మొండిబారదు. ఆ రాజుల శరీరాలు వేల ఏళ్ళు ఎలా నిలిచాయనుకున్నావ్?"

"ఉప్పులో పెట్టారంట అంకుల్. పొట్టలో ఉన్నవన్నీ తీసేసి, నాట్రాన్ అని ఒక రకం ఉప్పు కూరి, ఒంట్లో తడంతా పోయేదాకా ఎండబెట్టారంట."

వంటింట్లోంచి అమ్మ అంది. "అంటే, రాజుగారిని మాగాయ పెట్టారన్నమాట."

"ఉప్పు పైకి కనిపించే కారణం," అన్నాడు అంకుల్, అల్లం పచ్చడి అద్దుకుంటూ. "లోపలి కారణం శక్తి."

"కాని అన్నిటికంటే పెద్ద పిరమిడ్‌లో రాతి పెట్టె ఖాళీగా ఉందంట. రాజే లేడు."

"మరదే నేను చెప్పేది! శక్తి ఎక్కువై సశరీరంగా పైకి వెళ్ళిపోయాడు."

"పెట్టెకి మూత కూడా లేదంట అంకుల్. మూత కూడా తీసుకెళ్ళాడా?"

అంకుల్ నమలడం ఆపాడు. రవిచంద్రకి దగ్గు వచ్చింది. "ప్రణీతా, పెద్దవాళ్ళతో..."

"ఉండవయ్యా, పిల్ల తెలివైందే," అన్నాడు అంకుల్ పెద్ద మనసుతో. "ఏం కావాలమ్మా నీకు?"

"టెస్ట్ చేద్దాం. మా మిస్ ఫెయిర్ టెస్ట్ అని నేర్పింది. ఒకే పాలు, ఒకేలాంటి గిన్నెలు. ఒకటి మీ రాగి పిరమిడ్ కింద, ఒకటి మామూలు అట్టపెట్టె కింద. పిరమిడ్ కింద పాలు బాగుంటే గది పిరమిడ్‌కి. విరిగితే గది నాకు."

అంకుల్ కిటికీ అద్దాలు అదిరేలా నవ్వాడు. "అంతేనా! రవీ, నువ్వే సాక్షివి. పాపం, పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమో చూసుకో."

ఆ పక్క వారం మొదట్లోనే రాగి పిరమిడ్ వచ్చింది. ఫిబ్రవరి ఎండలు, ఆ దేశంలో నడి వేసవి. కార్పెట్ మీద కాలు పెడితే జిగురుగా ఉండే రోజులు. ప్రణీత వీధి చివర డెయిరీ కొట్టుకి వెళ్ళి నీలం మూత పాల సీసా తెచ్చి, రెండు స్టీలు గిన్నెల్లో సమానంగా పోసి, లాండ్రీ గది కిటికీ పక్కన బల్ల మీద పెట్టింది. ఒకదాని మీద రాగి పిరమిడ్, ఒకదాని మీద కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టె. మొదట చెప్పుల పెట్టె పెట్టబోతే అంకుల్ చెవులు మూసుకున్నాడు. పిరమిడ్ పక్కన చెప్పుల పెట్టె అపచారమట. కార్న్‌ఫ్లేక్స్ మీద ఆయనకి అభ్యంతరం లేదు. పిరమిడ్ ముఖాలు సరిగ్గా నాలుగు దిక్కులకీ తిప్పి, ఆదివారం దాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి అంకుల్, మంగతాయారు ఆంటీ వచ్చారు. ఆంటీ పాపటోయిటోయి ఆడవాళ్ళలో సగం మందికి జాకెట్లు కుడుతుంది. మాట తక్కువ. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో మాటల వాటా అంతా ఒకరే వాడేశారు మరి. పులిహోర తిన్నాక అందరూ లాండ్రీ గదిలోకి వెళ్ళారు. ముందు అట్టపెట్టె తీశారు. ఆంటీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఉషశ్రీ "యక్" అని పారిపోయింది. పాలు గడ్డలు గడ్డలుగా విడిపోయి, పసుపు నీళ్ళ మీద తేలుతున్నాయి.

అంకుల్ కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, రాగి పిరమిడ్ ఎత్తాడు.

తెల్లగా, నున్నగా, పొద్దున్నే పోసినట్టున్నాయి పాలు.

"చూశావా తల్లీ!" అంకుల్ వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. "అమృతం! రవీ, అమృతమయ్యా!"

మూల గది, రెండు కిటికీలు, తలుపు, అన్నీ ఒక్కసారిగా ఎవరో లాక్కెళ్ళినట్టయింది. ఏం చేయాలో తోచక గిన్నె పట్టుకుంది.

గిన్నె చల్లగా ఉంది. మామూలు చల్లదనం కాదు. స్టీలు మీద చెమట చుక్కలు కారుతున్నాయి. ఎండ పడే కిటికీ పక్కన అన్నాళ్ళున్న గిన్నెకి చెమట! పిరమిడ్ శక్తి ఎంత గొప్పదైనా, లోపల ఫ్రిజ్ పెట్టారని ఏ పుస్తకంలోనూ లేదు.

ప్రణీత తలెత్తి చూసింది. అంకుల్ మురిసిపోతున్నాడు. అమ్మ ఆశ్చర్యపోతోంది. నాన్న మాత్రం సీలింగ్ మీద స్మోక్ అలారం వైపు, గుళ్ళో విగ్రహాన్ని చూసినట్టు భక్తితో చూస్తున్నాడు.

నోటి దాకా వచ్చింది. 'గిన్నె చల్లగా ఉంది' అంటే చాలు. కాని అంతమంది ముందు నాన్న మొహం ఏమవుతుందో తెలుసు. మింగేసింది.

"అంకుల్, ఒక్కసారి జరిగితే లెక్కలోకి రాదంట. మా మిస్ చెప్పింది. రెండోసారి చేసినా అదే రావాలి. ఈసారి మీ ఇంట్లో పెడదామా?"

"మా ఇంట్లోనా? బ్రహ్మాండం! మా ఇంటికి వాస్తు చూసి మరీ కొన్నాను. అక్కడైతే పాలు ఇంకా రుచి పెరుగుతాయి!"

వాళ్ళు వెళ్ళాక రవిచంద్ర గిన్నెలు కడగడానికి సింకు దగ్గర నిలబడ్డాడు. ప్రణీత తుడవడానికి గుడ్డ పట్టుకుని పక్కన నిలబడింది.

"నాన్నా, మీ ఆఫీసులో కూడా ఇలాగే టెస్ట్ చేస్తావా?"

నురగలో చెయ్యి ఆగింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ముట్టుకోగానే."

"మనం ఈ దేశంలో దిగిన రోజు," అన్నాడు రవిచంద్ర, గిన్నె వైపే చూస్తూ, "జూలై. ఇక్కడ జూలై అంటే చలికాలం. మనకి తెలీదు. నువ్వు గౌనులో ఉన్నావు. ఎయిర్‌పోర్టులో ఆయన చేతిలో నీకోసం ఉన్ని కోటుంది. మా పేర్లు కూడా సరిగ్గా తెలీదమ్మా ఆయనకి. అలాంటి మనిషి అందరి ముందూ తెల్లమొహం వేస్తే నేను చూడలేను."

"మరి నా మొహం చూడగలవా?"

ప్రణీత తుడిచిన గిన్నె బోర్లించి, గుడ్డ మడిచి వెళ్ళిపోయింది. వెక్కిరించడం ఆ పిల్లకి బాగా వచ్చు. ఆ మాట మాత్రం వెక్కిరింత కాదు.

బుధవారానికే మంగతాయారు ఆంటీ ఫోన్. "నిరుపమా, మీరొచ్చి ఆ గిన్నె చూస్తారా, లేకపోతే నేను ఇల్లు విడిచి రానా?"

సాయంత్రం అందరూ మనురేవా వెళ్ళారు. గుమ్మం దాటకముందే కంపు ఎదురొచ్చి స్వాగతం చెప్పింది. హాల్లో జనార్ధనరావు అంకుల్ దిక్సూచి పట్టుకుని, సొంత ఇంటినే అనుమానంగా చూస్తూ తిరుగుతున్నాడు. రాగి పిరమిడ్ పక్కన ఉంది. గిన్నెలోవి పాలని ఎవరైనా చెబితే తప్ప తెలీదు.

"ఈ ఇంట్లో ఏదో దోషం ఉంది రవీ," అన్నాడు అంకుల్. ఆయన గొంతు మొదటిసారి చిన్నదైంది. "బాత్రూమా? పక్కింటివాళ్ళ గరాజా? ఏదో శక్తిని కోసేస్తోంది."

తప్పు ఇంటిదైనా కావాలి, పిరమిడ్‌దైనా కావాలి. పిరమిడ్‌ది కావడానికి వీల్లేదు. కాబట్టి పాపం, తప్పు ఇంటిది.

రవిచంద్ర ఒకడుగు ముందుకి వేశాడు. ప్రణీత నాన్నని అలా ఎప్పుడూ చూడలేదు. ఎత్తయిన గోడ మీంచి దూకబోయేవాడిలా ఉన్నాడు.

"అన్నయ్యా, ఒక మాట. మా ఇంట్లో ఆ రోజు పాలు బాగుండటానికి కారణం పిరమిడ్ కాదు. పొద్దున్నే నేనే ఫ్రిజ్‌లోంచి తీసి మార్చాను."

నిరుపమ నోరు తెరిచింది. అంకుల్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. రవిచంద్ర తలొంచుకున్నాడు. ఇంక ఆ మనిషి తన మొహం చూడడనే అనుకున్నాడు.

"నువ్వు మార్చావా?" అన్నాడు అంకుల్.

"నేనే అన్నయ్యా."

"నిన్ను మార్చమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే అనిపించింది."

"అనిపించింది!" అంకుల్ తొడ చరిచాడు. "ఎవరనిపించారయ్యా నీకు? పిరమిడ్! పాలు విరగకూడదనుకుంది. చేతుల్లేవు కదా దానికి, నీ చేత చేయించింది! ఇంతకంటే రుజువేం కావాలి?"

రవిచంద్ర నిలువుగుడ్లేసుకుని నిలబడ్డాడు. ఈ మనిషి మొహం చిన్నబోతుందనే కదా, తను కూతురికిచ్చిన మాట పాలలో కలిపేసింది! ఆ మొహం చిన్నబోయే రకం కాదని తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ప్రణీతకి మాత్రం దారి కనిపించింది.

"అయితే అంకుల్, మా ఇంట్లో పిరమిడ్ పనిచేసినట్టే కదా?"

"నిక్షేపంలా."

"అంటే మా ఇంటికి దోషం లేదు."

"లేదు."

"ఈ ఇంటికే ఉంది."

"ఉంది తల్లీ."

"మందు జబ్బున్నవాళ్ళకి కదా అంకుల్ ఇస్తారు?"

అంకుల్ ఆలోచనలో పడ్డాడు. అందరికీ మందు పోయనిదే ఊరుకోని మనిషి, ఆ మందు తనే తాగాల్సి వచ్చేసరికి తడబడ్డాడు. "నిజమే. కాని మీకిస్తానని మాటిచ్చానే. ఇచ్చిన మాట..."

"వద్దన్నయ్యా," అన్నాడు రవిచంద్ర. ఈసారి తల ఊగలేదు. "మాట నేనూ ఇచ్చాను, మీకంటే ముందు, మా అమ్మాయికి. చచ్చిపోయిన రాజులకి కొండలంత గదులు కట్టారు. బతికున్న పిల్లకి పది అడుగుల గది ఇవ్వలేనా? ఈశాన్యం గది ప్రణీతది."

"పిల్లదేలే, నేనేమన్నా కాదన్నానా?" అన్నాడు జనార్ధనరావు అంకుల్, మొదట్నించీ అదే చెబుతున్నట్టు. అప్పటికే ఆయన చూపు హాలు దాటి, మంగతాయారు ఆంటీ కుట్టు మిషన్ ఉండే గది మీద పడింది. "ఇది ఏ మూలే?" అంటూ దిక్సూచి తీసుకుని లోపలికి నడిచాడు.

ఆంటీ గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళి పారబోసి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ప్రణీతకి ఎగిరి గంతేయాలని ఉంది. కాని మిషన్ పక్కన మడతలు పెట్టున్న జాకెట్లు కళ్ళ ముందు మెదిలాయి. గది వచ్చింది, నిజమే. ఇంకొకరిది పోయి వచ్చింది. పుస్తకాల్లో రాజులకి ఇలాంటి ఇబ్బంది ఉన్నట్టు ఎక్కడా రాయలేదు.

చలికాలం వచ్చేసరికి టకానిని ఇంటికి గోడలు, కప్పు, తలుపులు వచ్చాయి. గృహప్రవేశం రోజున మంగతాయారు ఆంటీ ప్రసాదం గిన్నె పట్టుకుని ప్రణీత గదిలోకి వచ్చి, మంచం అంచున కూర్చుంది. కిటికీలోంచి ఎండ ఆమె ఒళ్ళో పడుతోంది. దూరంగా రైలు వెళుతోంది.

"ఆంటీ, మీ మిషన్?" అంది ప్రణీత మెల్లగా.

"గరాజ్‌లో. పిరమిడ్ ఖాళీ చేసిన చోట."

"సారీ ఆంటీ. నావల్లే..."

"నీ మొహం. గరాజ్‌లో ఎంత హాయిగా ఉందో నీకేం తెలుసు?" ఆంటీ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "పొద్దున గంట, సాయంత్రం గంట. ఆయన దాంట్లో దూరి కూర్చుంటారు. కూర్చున్నంతసేపూ నోరు విప్పకూడదంట, శక్తి కారిపోతుందంట. పాతికేళ్ళ కాపురంలో రోజుకి రెండు గంటలు నా మాట నాకు వినిపించడం ఇదే మొదలు."

చేతిలోని చక్కెర పొంగలి ప్రణీత అరచేతిలో పెట్టి, మంగతాయారు ఆంటీ హాయిగా నవ్వింది.

"పిరమిడ్‌కి శక్తి లేదని ఎవరే అన్నది?"